బెంజి పేరు వెనుక: ఒక జర్మన్ మోటారు సంస్థ చరిత్ర, ప్రతిష్ఠ

వేలూరు, గుడియాత్తం ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ‘బెంజి’ అనే మాట కారు వలన కాక లారీ వలన పరిచయమైంది. ధనవంతుని వాకిట నిలిచే కారుకు ఆ పేరు గుర్తు కాకముందే, చిత్తూరు బెల్లాన్నీ చింతపండునూ, గుడియాత్తం అగ్గిపెట్టెలనూ లుంగీలనూ, ఆంబూరు, వాణియంబాడి తోళ్ళనూ మోసిన లారీల ముందు భాగాన ఆ సంస్థవారి మూడు కోణాల నక్షత్రం కనిపించేది. లేలాండు, ఫార్గో, బెడ్‌ఫర్డు అనే పేర్ల సరసన బెంజి కూడా ఆనాటి రోడ్ల మీద వినిపించిన లారీ పేరే. ఆ నక్షత్రాన్ని తీసివేసి అర్ధ శతాబ్దం దాటినా, పాత టాటా లారీని బెంజి అని పిలిచే పెద్దలు ఇంకా ఉన్నారు. విజయవాడ నడిబొడ్డున ఉన్న బెంజి సర్కిల్‌కు కూడా ఆ పేరు ఒకప్పుడు అక్కడ ఉన్న బెంజి లారీల విక్రయశాల వలన వచ్చిందని చెబుతారు.

2012 నుండి ఆ పేరు మళ్ళీ లారీల మీదికి వచ్చింది. చెన్నై సమీపంలోని ఒరగడంలో తయారయ్యే లారీల మీద ‘భారత్‌బెంజ్’ అని ఉంటుంది. పూణే సమీపంలోని చాకణ్‌లో తయారయ్యే కార్ల పేరు ‘మెర్సిడెస్ బెంజ్’. పెద్దలు మెచ్చుకొన్న పాత బెంజి లారీ జంషెడ్‌పూరులో టాటావారి కర్మాగారంలో తయారైనది. పేరు ఒక్కటిగా వినిపించినా ఈ మూడింటి వెనుక ఉన్నది ఒకే కంపెనీ కాదు. పొలం పత్రాలు కుదువపెట్టి లారీ కొనే ఇంటికి ఈ తేడా చిన్న విషయం కాదు. అందువలన ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఏ మంచి వలన పెరిగిందో, ఏ చెడు వలన మాసిందో తెలుసుకోవడం అవసరం.

మన్‌హైమ్‌లో పుట్టుక

కార్ల్ బెంజ్ 1844 నవంబరు 25న జర్మనీలో జన్మించాడు. మన్‌హైమ్ పట్టణంలో ఒక భాగస్వామితో కలిసి చిన్న యంత్రశాల పెట్టాడు. ఆ భాగస్వామితో పొసగక యంత్రశాల చేజారే స్థితి వచ్చినప్పుడు, అతడు పెళ్ళాడబోయే బెర్తా తన కట్నపు సొమ్మును ముందుగానే పుట్టింటి నుండి తెప్పించి ఆ భాగస్వామి వాటాను కొనిపించింది. 1872లో వారి వివాహం జరిగింది. అంటే లోకప్రసిద్ధమైన ఈ సంస్థకు మొదటి పెట్టుబడిలో ఒక ఆడపిల్ల కట్నం కూడా చేరి ఉన్నది.

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 37435 సంఖ్య గల పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. మోటారు కారు పుట్టినరోజుగా లోకం ఈ తేదీనే లెక్కిస్తుంది. ఆ బండికి మూడు చక్రాలు, ఒకే సిలిండరు. శక్తి ముక్కాలు హార్స్ పవర్. వేగం గంటకు 16 కిలోమీటర్లు, అనగా సైకిలు వేగమే. జనం దానిని వింతగా చూశారే గాని కొనడానికి ముందుకు రాలేదు.

1888 ఆగస్టులో బెర్తా, భర్తకు చెప్పకుండా, తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆ బండి మీద మన్‌హైమ్ నుండి పుట్టింటి ఊరైన ఫోర్‌ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్లకు పైచిలుకు; ఇంచుమించు వేలూరు నుండి చిత్తూరు మీదుగా తిరుపతికి ఉన్నంత. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణంలో కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే తన టోపీకి పెట్టుకొన్న పొడవాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఎత్తుల మీద పిల్లలు దిగి బండిని తోశారు. దిగుడు రోడ్డులో చెక్క బ్రేకు అరిగిపోవడంతో, దారిలో ఒక చెప్పులు కుట్టేవాని చేత దానికి తోలు కొట్టించింది. మోటారు బ్రేకుకు రాపిడి అట్టను అమర్చడం అక్కడ మొదలైందని చెప్పవచ్చు. కంపెనీవారు ఈ ప్రయాణాన్ని ఒక స్త్రీ సాహసగాథగా ప్రకటనలలో వాడుకొంటారు. అది న్యాయమే. అయితే తోలు పనికి పేరుబడిన ఆంబూరు, పేర్ణంబట్టు ప్రాంతాలవారు ఆ పేరు తెలియని చర్మకారుని కూడా తలచుకోవాలి.

డైమ్లర్, మెర్సిడెస్ అనే పేర్లు

అదే కాలంలో స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ అనే ఇద్దరు వేరుగా మోటారు ఇంజను మీద పని చేస్తున్నారు. 1886లోనే వారు గుర్రపు బండికి ఇంజను అమర్చి నడిపారు. ఈ నాటి లారీకి మూలపురుషుడు కూడా డైమ్లర్ కంపెనీ బండే. 1896లో వారు తయారు చేసిన మొదటి లారీ శక్తి 4 హార్స్ పవర్, మోసే బరువు 1,500 కిలోలు. యాభై కిలోల బియ్యపు మూటలు ముప్పై మాత్రమే పట్టే బండి అది. జర్మనీలో కొనేవారు లేక దానిని లండన్ వ్యాపారులకు అమ్మారు. మోటారు బస్సు మాత్రం అంతకు ముందు సంవత్సరం, 1895లో, బెంజ్ కంపెనీ నుండి వచ్చింది.

‘మెర్సిడెస్’ అనేది ఒక బాలిక పేరు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఉంటూ డైమ్లర్ కార్లు అమ్మిన ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారికి ఆ పేరు గల కుమార్తె ఉండేది. 1901లో అతడు పందాలలో నడిపించిన 35 హార్స్ పవర్ కారుకు ఆమె పేరు పెట్టాడు. కారు గెలిచింది, పేరు నిలిచింది. 1902లో దానిని వ్యాపార చిహ్నంగా నమోదు చేశారు. మూడు కోణాల నక్షత్రం నమోదైనది 1909లో. నేల మీద, నీటి మీద, గాలిలో నడిచే యంత్రాలన్నింటికీ తమ ఇంజనే అన్నది ఆ మూడు కోణాల భావం.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడింది. 1923లో అక్కడి ద్రవ్యం విలువ కాగితపు విలువకు పడిపోయింది. కార్లు కొనేవారు కరవై, పోటీ పడి నష్టపోతున్న బెంజ్, డైమ్లర్ కంపెనీలు 1926 జూన్ 28న ఒకటై డైమ్లర్-బెంజ్‌గా మారాయి. గాట్‌లీబ్ డైమ్లర్ 1900లోనే మరణించాడు. కార్ల్ బెంజ్ ఈ కలయికను చూచి 1929లో కన్నుమూశాడు.

వేలూరు రోడ్డుకు సంబంధించినంతవరకు ఆ రెండు కంపెనీల చరిత్రలో అన్నింటికన్నా ముఖ్యమైనది డీజిలు. రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఇంజను మొదట భవనమంత బరువు; కర్మాగారాలకు, ఓడలకే పనికివచ్చేది. దానిని బండి మీద కూర్చోబెట్టే చిన్న యంత్రంగా మలచడానికి ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజనీరు బెంజ్ కంపెనీలో పాటుపడ్డాడు. 1923లో బెంజ్ డీజిలు లారీ సిద్ధమైంది. ఇంజనుకు కొలత ప్రకారం డీజిలును చిమ్మే పంపును స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయనారంభించింది. 1936లో డైమ్లర్-బెంజ్‌వారు డీజిలు కారును కూడా అమ్మకానికి తెచ్చారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం అనే పేరు ఈ డీజిలు వలన వచ్చినదే.

యుద్ధకాలపు మచ్చ

హిట్లరు ఊరేగింపులలో ఎక్కిన పెద్ద కార్లు ఈ కంపెనీవే. నిజమైన మచ్చ అది కాదు, కర్మాగారాలలో జరిగిన పని. రెండవ ప్రపంచ యుద్ధంలో డైమ్లర్-బెంజ్ విమాన ఇంజనులను, సైనిక లారీలను తయారు చేసింది. 1944లో ఆ సంస్థలో పని చేసిన 63,610 మందిలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన విదేశీ కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. ఈ లెక్కను నేడు సంస్థ చరిత్ర విభాగమే ఒప్పుకొంటున్నది. ఒప్పుకోవడానికి మాత్రం నలభై ఏళ్ళు పట్టింది. 1980లలో చరిత్రకారుల చేత పరిశోధన చేయించి, 1988లో 2 కోట్ల జర్మన్ మార్కులు చెల్లించారు. 2000లో జర్మన్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి బలవంతపు కూలీల కోసం నెలకొల్పిన నిధిలో కూడా సంస్థ చేరింది. అప్పటికి ఆ కూలీలలో ఎందరో కన్నుమూశారు.

జంషెడ్‌పూరు బెంజి

కామరాజ్ మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయి, గుడియాత్తం ఉపఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళిన సంవత్సరం 1954. అదే సంవత్సరం టాటావారి టెల్కో సంస్థ డైమ్లర్-బెంజ్‌తో పదిహేను సంవత్సరాల ఒప్పందం చేసుకొన్నది. టెల్కో 1945లో జంషెడ్‌పూరులో రైలు ఇంజనుల తయారీకి పుట్టిన సంస్థ. లారీల తయారీ దానికి కొత్త. ఒప్పందం కుదిరిన ఏడాదిలోనే మొదటి టాటా మెర్సిడెస్-బెంజ్ లారీ బయటికి వచ్చింది.

ఆ కాలపు ప్రభుత్వ విధానం దీనికి తోడ్పడింది. విదేశం నుండి భాగాలు తెచ్చి బిగించి అమ్మడం మాత్రమే చేసే కంపెనీలకు చోటు లేదని, ఇక్కడే తయారు చేసే ప్రణాళిక ఉన్నవారే ఉండాలని 1953లో నిర్ణయం జరిగింది. అంతవరకు ఇక్కడ బండ్లు బిగించిన అమెరికా కంపెనీలు జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన చోటికి వచ్చినవి ఎన్నూరులోని అశోక్ లేలాండ్, జంషెడ్‌పూరులోని టాటా-బెంజ్. మొదట జర్మనీ నుండి వచ్చిన భాగాలు ఏడాదికేడాది తగ్గి, ఇంజను, గేరు పెట్టె, ఇరుసు ఒక్కొక్కటిగా ఇక్కడివే అయ్యాయి.

మొదటి నమూనా 312. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను, ముందుకు పొడుచుకొని వచ్చిన బానెటు, దాని కొన మీద నక్షత్రం. తరువాత 1210 వచ్చింది. లారీ అంటే కర్మాగారం నుండి వచ్చేది చాసిస్ మాత్రమే. దానికి చెక్క, ఇనుముతో బాడీ కట్టింది నామక్కల్, తిరుచెంగోడు, విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు. క్యాబిను కూడా వారి చేతి పనే. అందువలన ఒకే బెంజి లారీ ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రూపంలో కనిపించేది. జర్మనీవారు చూస్తే గుర్తుపట్టలేనంతగా రంగులు, పూలు, దేవుని పేర్లు దానిని కప్పివేసేవి.

ఈ ప్రాంతపు రోడ్లు ఆ లారీకి పరీక్షగా నిలిచాయి. పాత 4వ నంబరు జాతీయ రహదారి వాలాజాపేట వైపు నుండి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరుకు సాగేది; మధ్యలో మొగిలి ఘాటు. పాత 46వ నంబరు రహదారి వేలూరు, ఆంబూరు, వాణియంబాడి మీదుగా కృష్ణగిరికి చేరేది. నేడు 75వ నంబరుగా పిలిచే దారి ముళబాగిలు వైపు నుండి వి.కోట, పేర్ణంబట్టు, గుడియాత్తం, కాట్పాడి మీదుగా వేలూరు చేరుతుంది. దాని మీదా ఘాటు ఉన్నది. బరువుతో ఎక్కేటప్పుడు ఇంజనుకు, దిగేటప్పుడు బ్రేకుకు అవి కఠినమైన చోట్లు. అనుమతించిన బరువుకు మించి ఎక్కించడం ఆనాటి దురలవాటు. కమాను పట్టీలు విరిగేవి, ఇంజను మాత్రం నడిచేది.

లారీ మన్నిక ఒక్కటే ఆ పేరును నిలబెట్టలేదు. విడిభాగాలు ఏళ్ళ తరబడి మారలేదు. ఒక లారీ నుండి తీసిన భాగం మరొక లారీకి సరిపోయేది. పనాలు, సుత్తి, జాకీ ఉన్న మెకానిక్కు రోడ్డు పక్కన చెట్టు కింద ఇంజను విప్పగలిగేవాడు. క్లీనరుగా చేరిన పిల్లవాడు చూచి నేర్చుకొని డ్రైవరయ్యేవాడు, కొందరు మెకానిక్కులయ్యేవారు. డీజిలు పంపు చెడితే ‘మైకో’ పంపు పని తెలిసినవాని దగ్గరకు తీసుకుపోయేవారు. మైకో 1951లో బెంగళూరులో ఆరంభమైన సంస్థ. పైన చెప్పిన బాష్ సంస్థకు అది ఇక్కడి శాఖ. 2008లో దాని పేరు కూడా బాష్ అని మారింది. అనగా ఆనాటి బెంజి లారీకి జర్మనీలో ఒకే నగరం నుండి రెండు చుట్టరికాలు ఉండేవి.

కనుక ‘బెంజికి తిరుగు లేదు’ అనే మాటలో సగం జర్మన్ ఇంజనీర్లది అయితే, మిగిలిన సగం జంషెడ్‌పూరు కార్మికులకు, ఊరూరా ఉన్న మెకానిక్కులకు చెందుతుంది. ఈ రెండవ సగం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం తీసివేసి ఆ చోట టాటావారి ‘టి’ అక్షరపు ముద్ర వేశారు. ఇంజనూ చాసిస్సూ పాత పద్ధతిలోనే కొనసాగాయి, కాబట్టి కొనేవారికి తేడా కనబడలేదు. నోటిమాటలో బెంజి పోలేదు. డైమ్లర్‌వారు మాత్రం టాటా సంస్థలో కొంత వాటాను ఉంచుకొన్నారు. 2003లో టెల్కో పేరు టాటా మోటార్స్‌గా మారింది. ఆ సంస్థలో మిగిలిన వాటాను డైమ్లర్ 2010 మార్చిలో అమ్మివేసింది. ఆ నాటితో 1954 బంధుత్వం పూర్తిగా తీరిపోయింది. ఈ రోజు టాటా లారీకి, బెంజ్ కంపెనీకి ఏ సంబంధమూ లేదు.

కారు ప్రతిష్ఠ, దాని పగుళ్ళు

ఇక్కడ లారీ పేరుగా నలుగుతున్న కాలంలో, బయటి ప్రపంచంలో మెర్సిడెస్ కారు రాజుల, మంత్రుల వాహనమైంది. ఆ గౌరవానికి గట్టి కారణాలు ఉన్నాయి. గుద్దుకొన్నప్పుడు కారు ముందు, వెనుక భాగాలు నలిగి దెబ్బను మింగితే లోపలి మనిషి బతుకుతాడని బేలా బరెన్యి అనే ఇంజనీరు కనిపెట్టాడు. 1959లో ఆ పద్ధతితో కారు వచ్చింది. గట్టి బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకొని జారకుండా చేసే ఏబీఎస్ పరికరాన్ని బాష్‌తో కలిసి 1978లో పెద్ద కారులో అమర్చారు. ఖరీదైన కారుతో మొదలైన ఆ ఏబీఎస్ తరువాతి కాలంలో లారీలకు, బస్సులకు కూడా దిగివచ్చింది.

పందెపు కార్ల కీర్తి 1955 జూన్ 11న నెత్తురులో ముగిసింది. ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో ఈ కంపెనీ కారు అదుపు తప్పి ప్రేక్షకుల మీదికి ఎగిరిపడగా, డ్రైవరుతో పాటు ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఏటి చివర పందాల నుండి కంపెనీ తప్పుకొని దశాబ్దాల పాటు దూరంగా ఉన్నది.

1997లో ఏ-క్లాస్ అనే చిన్న కారు, స్వీడన్‌లో ఒక పత్రికవారు జరిపిన పరీక్షలో హఠాత్తుగా పక్కకు తిప్పినప్పుడు బోల్తా పడింది. కంపెనీ మొదట దబాయించినా, తరువాత అమ్మకాలు ఆపి, కారు తూలకుండా కాపాడే పరికరాన్ని అన్ని ఏ-క్లాస్ కార్లకూ బిగించింది. తప్పు బయటపడిన తరువాత దిద్దుకోవడం వలన పేరు నిలబడిన సందర్భం ఇది. 1998లో అమెరికాలోని క్రైస్లర్‌తో కలవడం మాత్రం వ్యాపారపరంగా పెద్ద పొరపాటైంది, 2007లో విడిపోయారు.

తరువాతి మచ్చలు అంత సులభంగా మాసేవి కావు. అనేక దేశాలలో ప్రభుత్వ అధికారులకు లంచాలు ఇచ్చిన ఆరోపణపై 2010లో అమెరికాలో 18 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి డైమ్లర్ ఒప్పుకొన్నది. లారీ కొనేవారికి నేరుగా తగిలే విషయం 2016 జూలైలో తేలింది. ఐరోపాలోని పెద్ద లారీ కంపెనీలు 1997 నుండి 2011 దాకా పద్నాలుగేళ్ళు రహస్యంగా కూడబలుక్కొని ధరలు నిర్ణయించాయని ఐరోపా కమిషన్ నిర్ధారించి, మొత్తం 293 కోట్ల యూరోల జరిమానా వేసింది. అందులో డైమ్లర్ వాటా 100 కోట్ల యూరోలకు పైగా, అందరికన్నా పెద్దది. ఆ నక్షత్రం చూచి నమ్మి కొన్న ఐరోపా లారీ యజమానులు ఆ నమ్మకానికే ఎక్కువ ధర కట్టారని దీని అర్థం.

పొగ విషయంలో జరిగిన మోసం మొదట ఫోక్స్‌వ్యాగన్ కంపెనీలో 2015లో బయటపడింది. పరీక్షశాలలో ఒక తీరుగా, రోడ్డు మీద మరొక తీరుగా నడిచేటట్లు ఇంజను కంప్యూటరుకు నేర్పడం ఆ మోసం సారాంశం. మెర్సిడెస్ డీజిలు బండ్ల మీదా విచారణ సాగింది. 2019లో స్టుట్‌గార్ట్ అధికారులు 87 కోట్ల యూరోల జరిమానా వేశారు. 2020లో అమెరికా ప్రభుత్వంతో 150 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. అక్కడ అమ్మిన సుమారు 2,50,000 బండ్లకు సంబంధించినది అది. బి.ఎస్.-6 లారీ నడిపే డ్రైవరుకు దీని సంగతి సులభంగా బోధపడుతుంది. డీజిలుతో పాటు వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం పొగలోని విషవాయువును విరిచే పదార్థం. ఆ ద్రావణం తగినంత చిమ్మకపోతే ఖర్చు మిగులుతుంది, విషం మాత్రం గాలిలోకి పోతుంది.

విశాఖలో జరిగినది

జర్మన్ పేరు మీద గుడ్డి నమ్మకం వలన కలిగిన నష్టానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. అది బెంజ్ కంపెనీది కాదు, ఫోక్స్‌వ్యాగన్ పేరు మీద జరిగినది. విశాఖపట్నంలో ఆ కంపెనీ కార్ల కర్మాగారం వస్తుందని 2005లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఆశ లేచింది. రాష్ట్ర ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ తెలిపింది. కేసు సి.బి.ఐ. దర్యాప్తుకు వెళ్ళింది. కర్మాగారం మహారాష్ట్రలోని చాకణ్‌కు పోయి 2009లో మొదలైంది. చదువుకొన్న అధికారులు ఉన్న ప్రభుత్వమే పేరు వెనుక ఎవరున్నారో చూడక సొమ్ము కట్టినప్పుడు, ఒక పల్లె కుటుంబం విక్రయశాల బోర్డు చూచి నమ్మడంలో వింత లేదు.

ఒరగడంలో భారత్‌బెంజ్

దేశంలో కార్ల కోసం మెర్సిడెస్ బెంజ్ ఇండియా సంస్థ 1994లో ఏర్పడింది. చాకణ్ కర్మాగారం 2009లో ఆరంభమైంది. చెంగల్పట్టు సమీపంలో 2007 నుండి కార్లు బిగిస్తున్న బి.ఎం.డబ్ల్యు. వేరొక జర్మన్ కంపెనీ. పత్రికలలో ఈ పేర్లు కలగలిసిపోవడం సాధారణం.

లారీల కోసం డైమ్లర్ మొదట హీరో సంస్థతో జత కట్టింది. 2009లో హీరో తప్పుకోగా డైమ్లర్ ఒంటరిగానే ముందుకు సాగింది. వేలూరు నుండి చెన్నై దారిలో శ్రీపెరుంబుదూరు దాకా వెళ్ళి దక్షిణంగా తిరిగితే ఒరగడం వస్తుంది. అక్కడ సుమారు 400 ఎకరాలలో, 4,400 కోట్ల రూపాయల పెట్టుబడితో కట్టిన కర్మాగారం 2012 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ‘భారత్‌బెంజ్’ అనే పేరును 2011లోనే ప్రకటించారు. ఆ లారీ మీద నక్షత్రం ఉండదు. వేరే ముద్ర ఉంటుంది. పెద్ద లారీలకు మెర్సిడెస్ ఆక్సర్, చిన్నవాటికి జపాన్‌లోని ఫ్యూసో బండ్లు మాతృకలు. 2013 నుండి ఫ్యూసో పేరుతో విదేశాలకు ఎగుమతి కూడా సాగుతున్నది. 2015లో అదే ఆవరణలో బస్సుల కర్మాగారం తెరిచారు.

పాత బెంజికి, ఈ కొత్త బెంజికి మధ్య తేడా యజమానికి మొదటి రిపేరులోనే తెలుస్తుంది. క్యాబిను కర్మాగారం నుండే వస్తుంది. నామక్కల్ మేస్త్రీ చేతికి మిగిలేది వెనుక బాడీ మాత్రమే. ఇంజనును కంప్యూటరు నడిపిస్తుంది. లోపం ఎక్కడుందో చూడాలంటే తగిన పరికరం కావాలి. చెట్టు కింది మెకానిక్కు తరం నేర్చిన విద్య దీనికి చాలదు. ఇది బెంజ్ ఒక్కదాని సంగతి కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధన అమలైన తరువాత టాటా, లేలాండ్ లారీల తీరు కూడా ఇదే. కాబట్టి లారీ కొనే ముందు అడగవలసినది తాతగారి బెంజి ఎలా నడిచిందని కాదు. తమ రూటులో, కాట్పాడి నుండి పలమనేరు దాకా, చిత్తూరు నుండి కృష్ణగిరి దాకా, ఆ కంపెనీ సర్వీసు ఎక్కడెక్కడ ఉన్నది, విడిభాగం ఎన్నాళ్ళకు వస్తుంది, కిస్తీ కట్టే నెలలో లారీ ఎన్ని రోజులు నిలిచిపోవచ్చు అని.

డ్రైవరు కుటుంబాలకు ఒక మేలు జరిగింది. వేసవిలో ఇంజను వేడి పక్కన కూర్చొని నడిపే బాధ ఇంతకాలం ఎవరికీ పట్టలేదు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్రం 2023 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. భారత్‌బెంజ్‌తో సహా కొన్ని కంపెనీలు నిబంధన రాకముందే అటువంటి క్యాబిన్లు అమ్మేవి. కాని అదనపు ధర కట్టడానికి ఇష్టపడిన యజమానులు కొద్దిమందే.

ఇక ఆ పేరుకు ప్రస్తుత యజమాని ఎవరు అన్న ప్రశ్న. 2021 డిసెంబరులో లారీలు, బస్సుల వ్యాపారం ‘డైమ్లర్ ట్రక్’ అనే వేరు కంపెనీగా విడిపోయి షేరు మార్కెట్టులోకి వెళ్ళింది. 2022 ఫిబ్రవరి 1న పాత డైమ్లర్ కంపెనీ పేరు ‘మెర్సిడెస్ బెంజ్ గ్రూప్’ అయింది. దానికి మిగిలినవి కార్లు, వ్యాన్లు. ఒరగడం కర్మాగారం డైమ్లర్ ట్రక్ కిందిది. పాత లారీ కొనేటప్పుడు అమ్మేవాడు బెంజి అని చెప్పినా, టాటా అని చెప్పినా, ఆర్.సి. పుస్తకంలోనో కార్డులోనో తయారీదారు పేరు రాసి ఉంటుంది. 1969కి తరువాత జంషెడ్‌పూరు నుండి వచ్చిన బండి అయితే అక్కడ టెల్కో లేక టాటా మోటార్స్ అనీ, ఒరగడం బండి అయితే డైమ్లర్ ఇండియా కమర్షియల్ వెహికల్స్ అనీ ఉండాలి.